రెండు కన్నాల డబ్బా

మా ఇంట్లో మిరపకాయల గది అని ఒకటుంది. మిరపకాయలు వెళ్ళిపోయి చాలా కాలమైంది గానీ పేరూ పోలేదు, ఘాటూ పోలేదు. మా ఆయన టోకు వ్యాపారం చేసే రోజుల్లో గుంటూరు బస్తాలన్నీ అందులోనే దింపించేవారు. తుమ్మకుండా ఆ గదిలోంచి బయటపడ్డ మనిషిని నేను చూడలేదు. ఇంట్లో ఇన్ని గదులుండగా మా మనవరాలు కీర్తి ఆ గదినే స్టూడియో చేస్తానంది. కిటికీ లేదట, గోడలు మందమట, పక్కింటివాళ్ళ కుక్కరు కూత లోపలికి రాదట.

కీర్తి మా అబ్బాయి తాతారావు కూతురు. భువనేశ్వర్‌లో కొన్నాళ్ళు రేడియోలో పనిచేసి, ఇకమీదట ఇంట్లోంచే చేసుకుంటానని ఆ మాఘమాసంలో పెట్టె సర్దుకుని బరంపురం వచ్చేసింది. దాని పని గొంతు పని. చీరల కొట్లవాళ్ళకీ, కోచింగ్ సెంటర్లవాళ్ళకీ ఒడియాలోనూ తెలుగులోనూ ప్రకటనలు చదివి పంపడం. వచ్చీ రాగానే గది కడిగి, గోడలకి మేకులు కొట్టి, పాత గోనెసంచులు పొరలు పొరలుగా వేలాడదీసింది. గొంతు గోడకి తగిలి వెనక్కి రాకూడదట. కిరాణా కొట్లో పొద్దస్తమానం బస్తాలు దింపించి ఇంటికొచ్చిన తాతారావు గుమ్మంలో నిలబడి చూసి, నేను దింపిస్తుంటే ఇది గోడలకెక్కిస్తోందని తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు.

అంతా అయ్యాక ఒక డబ్బా తక్కువైంది. మైకు నాకు తెలుసు, కంప్యూటర్ తెలుసు. ఈ రెండింటికీ మధ్య ఆడియో ఇంటర్‌ఫేస్ అని ఒకటి ఉండాలట. నా నోరు దానికి తిరగక డబ్బా అనేశాను, ఇంట్లో అందరికీ అదే పేరైపోయింది. మైకు మాట కంప్యూటర్‌కి అర్థం కాదట. మా అత్తగారు గుమ్మంలో కూచుని ఒడియా కూరలావిడకీ తెలుగు కొత్తకోడళ్ళకీ బేరం కుదిర్చేదని నేను చెబుతుంటాను కదా, ఆ పని ఈ డబ్బా చేస్తుందని చెప్పింది కీర్తి. అలా చెబితే ఎవరికి అర్థం కాదు?

ఏది కొనాలో తేల్చుకోడానికి ముందు ప్రద్యుమ్న అని దాని స్నేహితుడి దగ్గర పాత డబ్బా ఒకటి అరువు తెచ్చింది. నన్ను కుర్చీలో కూచోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, ఏదో ఒకటి పాడు మామ్మా, గొంతు ఎలా పడుతుందో చూస్తానంది. అది ఠాకురాణి అమ్మవారి జాతర వచ్చే ఏడు. రెండేళ్ళకోసారి వచ్చే జాతర కదా, ఫాల్గుణం దాటకుండానే వీధుల్లో పులివేషాల డప్పులు మొదలైపోతాయి. ఆ డప్పులు చెవుల్లో ఉన్నాయేమో, నా నోటికి ఘటం పాట వచ్చింది.

ఆ పాట సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. జాతరలో అమ్మవారి ఘటాలు సాయంత్రం పూట వీధి వీధీ తిరుగుతాయి. మా గుమ్మానికి వచ్చినప్పుడు ఇంటి కోడళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడి పాట పాడాలి. ఇది మా అత్తవారింటి పద్ధతి, వేరే ఇళ్ళలో నేను వినలేదు. పెద్దకోడలు అడుగుతుంది, చిన్నకోడలు అమ్మవారి తరఫున జవాబు చెబుతుంది. పెద్దకోడల్ని నేను. మా తోడికోడలు కూర్మమ్మ చిన్నకోడలు. మా అత్తగారు నాకు అడిగే చరణాలు వంటింట్లో నేర్పింది, కూర్మమ్మకి జవాబులు పెరట్లో నేర్పింది. అడిగిన నోటితోనే జవాబు కూడా చెప్పుకుంటే, ఈ ఇంట్లో ఒక్కర్తే ఉంది కాబోలని అమ్మవారు పక్కింటికి వెళ్ళిపోతుందనేది. అందుకని ఒకరి చరణం ఒకరం పొరపాటున కూడా నోట పెట్టేవాళ్ళం కాదు.

నేను మొదటి చరణం ఎత్తుకున్నాను.

*ఏ వీధి దాటొచ్చినావమ్మా, ఎండలో తల్లీ...*

హెడ్‌ఫోన్లో నా గొంతు నాకు కాస్త వెనకగా వినిపించింది. నేను అనేసిన మాట ఇంకెవరో పక్కన నిలబడి అంటున్నట్టు. నేను ఆగిపోయాను.

"ఏటి మామ్మా, ఆగిపోనావు?"

"అందుకుంటాదని."

"ఎవరు?"

నేను హెడ్‌ఫోన్ తీసి దాని చేతికిచ్చాను. కీర్తి హెడ్‌ఫోన్ తన చెవులకి పెట్టుకుని చూసి, అది డబ్బా లోపమంది. నా గొంతు కంప్యూటర్లోకి వెళ్ళి తిరిగి నా చెవికి వచ్చేసరికి ఆలస్యమవుతోందట, కొత్తదాంట్లో ఆ బాధ ఉండదట. నాకు మాత్రం అది లోపంలా అనిపించలేదు. వెనక గొంతు వినిపిస్తే ఆగడం నాకు అలవాటు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది.

"పోనీ తరవాత చరణం పాడు."

"తరవాతది నాది కాదే, అమ్మడూ."

విననిది కాదు. కూర్మమ్మ పెళ్ళయి వచ్చినప్పటినుంచీ విన్నాను. కానీ నోట పెట్టని పాట నోటికి రాదు. కీర్తి బలవంతం మీద ఒకసారి ప్రయత్నించాను. మగ్గాల వీధి అనేంతవరకు వచ్చి, అక్కడినుంచి శుక్రవారం హారతి పాటలోకి జారిపోయాను. తరవాత తుమ్మొచ్చింది. కంప్యూటర్ తెరమీద గీత కొండంత లేచింది. ఇద్దరం నవ్వుకున్నాం గానీ కీర్తి నవ్వు తొందరగా ఆగింది. అంటే నీ దగ్గరున్నది సగం పాటేనా అని అడిగింది. మిగతా సగం కొడల ఊళ్ళో, కూర్మమ్మ దగ్గర ఉందని చెప్పాను.

కూర్మమ్మ వాళ్ళు కొడల వెళ్ళిపోవడానికి పెద్ద కథేం లేదు. మా ఆయనా, మా మరిదీ పోయాక తాతారావు, కూర్మమ్మ కొడుకు ఈశ్వర్ షాపు పంచుకున్నారు. సరుకంతా సవ్యంగానే పంచుకున్నారు. మా మావగారి పేరున్న బోర్డు ఎవరిదన్న దగ్గర మాట తెగింది. ఈశ్వర్ బోర్డు దింపుకుని, తల్లినీ భార్యాబిడ్డల్నీ తీసుకుని కొడల వెళ్ళి పిండిమర పెట్టుకున్నాడు. అప్పటినుంచీ అన్నదమ్ములకి మాటల్లేవు. మాకు ఉన్నాయి. శుక్రవారం శుక్రవారం, తాతారావు షాపుకి వెళ్ళాక, కూర్మమ్మా నేనూ ఫోన్లో మాట్లాడుకుంటాం.

ఆ శుక్రవారం కీర్తి ఫోన్ దగ్గరే కూచుని రికార్డు చేద్దామని చూసింది. నేను చరణం అడిగేసరికి అవతలినుంచి కూర్మమ్మ, హలో, వినబడుతోందా అక్కా అనేది. అది జవాబు పాడితే సగం మాటలు చిలికా సరస్సులో పడిపోయినట్టు మాయమయ్యేవి. పాట అటుంచి కూర్మమ్మ వేరే కబురు చెప్పింది.

"అక్కా, డాక్టరు నా పళ్ళు పైనా కిందా అన్నీ పీకేత్తానన్నాడు. జాతర్లోనే రమ్మన్నాడు. ఇక నా మాటలు పట్టుకోడానికి నీ చెవి సాలదు."

నవ్వుతూనే చెప్పింది. ఫోన్ పెట్టేశాక కీర్తి నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. పళ్ళు ఊడిపోయాక పాట ఎలా వస్తుందో ఎవరికి తెలుసు? మా అత్తగారు లేరు. ఆ జవాబులు తెలిసిన నోరు లోకంలో అదొక్కటే.

ఆ రాత్రి భోజనాల దగ్గర డబ్బా సంగతి తేలింది. కీర్తి రెండు చూసిపెట్టుకుంది. ఒక మైకు పెట్టుకునే కన్నం ఉన్నది ఒకటి, రెండు కన్నాలున్నది ఒకటి. ఒక కన్నందైతే తను దాచుకున్నదాంట్లో మంచి మైకు కూడా వస్తుంది. రెండు కన్నాలదైతే ఉన్న మామూలు మైకుతో సరిపెట్టుకోవాలి. మంచి మైకంటే దానికి ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఫోన్లో దాని బొమ్మ పెట్టుకుని పెళ్ళికొడుకు ఫోటోలా చూసేది.

"ఒకటున్నదే తీసుకో," అన్నాడు తాతారావు. "సదివీది నువ్వొక్కదానివి, పాడీది మీ మామ్మ ఒక్కర్తి. రెండో కన్నం ఎవరికి?"

కీర్తి నావంక చూసింది. నేను మజ్జిగ పోస్తున్నాను.

"రెండున్నదే తెచ్చుకోనీరా," అన్నాను.

"ఎవరికని అడగతన్నాను."

"ఉండనీ. ఖాళీగా ఉంటే అన్నం అడగతాదా ఏటి?"

 తాతారావు నా కొడుకు, రెండో కన్నం ఎవరికో వాడికి తెలియదనుకోను. మజ్జిగన్నం కలిపి కలిపి సగంలో వదిలేసి, పెరట్లో చెయ్యి కడుక్కుంటూ చాలాసేపు నీళ్ళు పోసుకున్నాడు.

మర్నాడు కీర్తి నన్ను కూడా పెద్దబజారు తీసుకెళ్ళింది. ఆ కొట్టాయన హార్మోనియాలు, గిటార్లు, భజన మైకులు అమ్ముతాడు. ఒడియా ఆయన, నన్ను పిన్నీ అన్నట్టు మావుసీ అని పిలిచి కుర్చీ వేయించాడు. భజన మండలికి డబ్బా కొనడానికి వచ్చాననుకున్నాడు కాబోలు, నాలుగు మైకులు పట్టే పెద్దది తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. మేం ఇద్దరమేనని చెప్పాను. కీర్తి ఆయన్ని మూడు సంగతులు అడిగింది. రెండు మైకులూ విడివిడిగా రికార్డవుతాయా? కరెంటు లేని చోట కంప్యూటర్ బలంతోనే నడుస్తుందా? పాడేవాళ్ళ గొంతు ఆలస్యం లేకుండా వాళ్ళ చెవికి వస్తుందా? మొదటి రెండింటికీ ఆయన గట్టిగా ఔనన్నాడు. మూడోదానికి మాటెందుకని హెడ్‌ఫోన్ నాకిచ్చాడు.

నేను మెల్లిగా ఏ వీధి దాటొచ్చినావమ్మా అన్నాను. ఆయన డబ్బా మీద చిన్న బొడిపె తిప్పాడు. గొంతు వెనక్కి పడకుండా నాతోపాటే వచ్చింది. ఎంత శుభ్రంగా వచ్చిందంటే నా ఊపిరి నాకు వినిపించింది. బాగుందా అని కీర్తి అడిగితే బాగుందన్నాను. బాగానే ఉంది. ఆ వెనకాల మనిషి మాత్రం వెళ్ళిపోయింది.

కీర్తి మంచి మైకు వైపు ఒకసారి చూసి, రెండు కన్నాల డబ్బా కట్టించుకుంది. తమలపాకుల పెట్టంత ఉంటుంది. ఇంటికొచ్చేదాకా రిక్షా కుదుపులకి కదలకుండా నేనే ఒళ్ళో పెట్టుకున్నాను. రెండో మైకు ప్రద్యుమ్న ఇచ్చాడు.

కొడలకి బస్సులో వెళదామనుకున్నాం. పొద్దున్నే చూస్తే తాతారావు షాపు తెరవకుండా కారు తుడుస్తున్నాడు.

"ఎండలో బస్సులో ఏటెల్తావు. దింపేత్తాను. నేను మట్టుకు దిగను," అన్నాడు.

దిగమని ఎవరన్నారు? దారిలో రంభ ఊరు వచ్చేదాకా పాతపాటలు పెట్టుకున్నాడు, ఆ తరవాత అవీ ఆపేశాడు. కొడల బజారు మలుపు తిరగగానే పిండిమర మోత వినబడింది. మర ఇంటికి ఆనుకునే ఉంది. గుమ్మం మీద మా మావగారి బోర్డు ఉంది. రంగు వెలిసినా దుమ్ము లేదు. తాతారావు దాన్ని చూశాడు, అద్దం పైకెత్తుకున్నాడు.

కూర్మమ్మ గుమ్మంలోనే ఉంది. మనిషి సగమైపోయింది. నవ్వొచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. నా రెండు చేతులూ పట్టుకుని, పళ్ళు ఉండగానే ఒచ్చావు, ముందు తినేద్దాం రా అక్కా అంది. అటుకులు వేయించి పెట్టింది, తను మాత్రం నానబెట్టుకుని తింది.

కీర్తి మంచం మీద దుప్పటి పరిచి డబ్బా పెట్టింది. నాకొక మైకు, కూర్మమ్మకొక మైకు. ఫ్యాన్ ఆపింది. గడియారం తీసి పెరట్లో పెట్టింది. మేం గొంతు సవరించుకుంటే డబ్బా మీద పచ్చదీపాలు వెలగాలట. మేం నోరు విప్పకముందే అవి ఎర్రగా మండుతున్నాయి. గోడవతల మర మోత.

"ఇలగైతే మరే పాడినట్టుంటాది మామ్మా," అంది కీర్తి.

మర ఆపించడమెలా? కూర్మమ్మ వెళ్ళి చెప్పి వచ్చింది. గోధుమలు పట్టుకుని జనం నిలబడ్డారు, సాయంత్రం చూద్దామన్నాడట ఈశ్వర్. సాయంత్రానికి మేం బరంపురంలో ఉండాలి. మళ్ళీ వచ్చేసరికి కూర్మమ్మకి పళ్ళుండవు. కీర్తి కాసేపు మంచం పట్టె మీద కూచుంది. తరవాత చెప్పులేసుకుని బయటికి వెళ్ళి, కారు అద్దం మీద కొట్టి వాళ్ళ నాన్నతో ఏదో చెప్పి వచ్చింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత కారు తలుపు చప్పుడైంది. మేం కిటికీలోంచి చూశాం. తాతారావు లుంగీ సవరించుకుని, బోర్డు కింద తలొంచి, మరలోకి వెళ్ళాడు. పిండి ఎగిరి తెల్లగా ఉంది లోపల. ఈశ్వర్ తలా మీసాలూ పిండితో నిండి, ముసలివాడిలా ఉన్నాడు. వాడు చేతిలో గంప అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. మోతలో మామూలుగా చెబితే వినబడదు, తాతారావు దగ్గరకంటా వెళ్ళి చెవిలో చెప్పాలి. చెప్పాడు. ఏం చెప్పాడో ఆ తరవాత ఈశ్వర్ చెబితే తెలిసింది.

"కాసేపు మర ఆపరా ఈశ్వరూ. అమ్మలు పాడతారట."

ఈశ్వర్ గంప దింపి స్విచ్చి నొక్కాడు. బెల్టు ఒక్కసారిగా ఆగదు కదా, మూలుగుతూ మూలుగుతూ ఆగింది. కీర్తి గుమ్మంలో నిలబడి, నేను చెప్పేదాకా ఎవరూ మాట్లాడకండి, కదలకండి, కుర్చీ కూడా జరపకండని హుకుం చేసింది. గోధుమల జనం వీధిలో నిలబడిపోయారు. మా కొడుకులిద్దరూ బస్తాల మీద పక్కపక్కన కూచున్నారు. ఇన్నేళ్ళూ కోపానికి మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడదామన్నా పాట ఒప్పుకోదు.

నేను అడిగాను.

*ఏ వీధి దాటొచ్చినావమ్మా, ఎండలో తల్లీ?*

కూర్మమ్మ కొంగు నోటిమీంచి తీసేసింది.

*మగ్గాల వీధి దాటొచ్చాను, పట్టుపోగొకటి కాలికి చుట్టుకుంటే విడదీసుకొచ్చాను.*

*ఏ నీళ్ళు తెచ్చి కడగాలమ్మా, ఎర్రని పాదాలు?*

*బావినీళ్ళే తోడండమ్మా, ఇద్దరు పట్టిన చేదతోటి.*

మధ్యలో దానికి ఆయాసం వచ్చింది. నేను తల్లీ అన్న మాటని సాగదీస్తూ నిలబెట్టాను. అది ఊపిరి తీసుకుని అందుకుంది. అలా నిలబెట్టడం నాకు ఎవరూ నేర్పలేదు, కూర్మమ్మ మొదటి కానుపు నెలల్లో ఆయాసపడుతుంటే నాకు అలవాటైంది. చివరి చరణం వచ్చింది.

*ఏ గుర్తు పట్టి వస్తావమ్మా, మళ్ళీ మా ఇంటికి?*

*రెండు దీపాలున్న గుమ్మానికి దారడగకుండా వస్తాను.*

పాట అయ్యాక కూడా కీర్తి చెయ్యెత్తి మమ్మల్ని ఆపింది, చివర కాస్త నిశ్శబ్దం కావాలట. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో ఒక మేక అరిచింది. అయిందని కీర్తి కేకేసినా మర మోత వెంటనే మొదలవలేదు. కాసేపయ్యాక తాతారావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చొక్కా వీపంతా పిండి.

"నల్లబడిపోనావురా," అంది కూర్మమ్మ.

"ఎండలు పిన్నీ," అన్నాడు వాడు. టీ ఇస్తే తాగాడు. గ్లాసు కింద పెట్టి, పళ్ళకి ఏ రోజు రమ్మన్నారని అడిగాడు.

చైత్రం సగానికి వచ్చేసరికి మా వీధికి మొదటిసారి ఘటాలొచ్చాయి. అప్పటికి కీర్తి ఒక ఉపాయం చేసింది. రెండు కన్నాలలోంచి రెండు గొంతులూ విడివిడిగా పడ్డాయి కదా, నా గొంతు తీసేసి కూర్మమ్మ జవాబులు మాత్రం ఉంచింది. నేను అడిగే చోట ఖాళీ. గుమ్మంలో నిలబడి నేను అడగాలి, చిన్న స్పీకర్లోంచి కూర్మమ్మ జవాబు చెబుతుంది. స్పీకర్ పట్టుకునే పని తాతారావుది. హారతి పళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

డప్పులు ముందొచ్చాయి, తరవాత పసుపు చీరల్లో ఘటాలెత్తుకున్న ఆడవాళ్ళు. నేను అడిగాను. పక్కింటావిడ మధ్యలోకి వచ్చి ఘటమెత్తుకున్నామె కాళ్ళమీద పసుపునీళ్ళు పోస్తుంటే, అది అయ్యేదాకా తల్లీ అన్న మాటని నిలబెట్టాను. స్పీకర్ నిలబడలేదు. నేను తల్లీ అంటుండగానే మగ్గాల వీధి దాటేసింది. రెండో చరణానికి నేను తొందరపడ్డాను, ముందే అయిపోయింది. డప్పులన్నీ మోగుతుండగా నేను నోరు మూసుకుని నిలబడ్డాను, స్పీకర్‌కి ఇంకా వేళ కాలేదు. ఘటాలు పక్కింటికి వెళ్ళిపోయాక మూడో జవాబు మా ఖాళీ గుమ్మానికి వినిపించింది.

కీర్తి మొహం చిన్నబోయింది. ఆ పిల్ల తప్పేముంది? గొంతు అచ్చు కూర్మమ్మదే, పక్కన నిలబడి పాడినట్టే ఉంది.

"పాట మంచిగానే ఉందమ్మా," అన్నాను. "అది నాకోసం ఆగదు, అంతే."

తాతారావు స్పీకర్ ఇంకా పట్టుకునే ఉన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అరుగంతా చూసి, చివరికి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి పెరట్లోంచి వాడి గొంతు వినబడింది. ఫోన్లో ఈశ్వర్‌తో మాట్లాడుతున్నాడు. ఆస్పత్రి మన ఇంటికి దగ్గర, కొడలనుంచి రోజూ తిప్పుతావా ఏటి, తగ్గేదాకా పిన్ని ఇక్కడే ఉంటాదని చెబుతున్నాడు. అడగడం కాదు, చెప్పడం. పెద్దవాడు కదా.

కూర్మమ్మని ఈశ్వర్ తీసుకొచ్చాడు. పళ్ళు పీకించుకుని మూడు పూటలు గంజి తాగుతూ నా మంచం పక్కనే మంచం వేసుకుని పడుకుంది. బుగ్గలు వాచి చిన్నపిల్లలా ఉంది. ఈశ్వర్ స్టూడియో చూస్తానని మిరపకాయల గదిలోకి వెళ్ళాడు, వెనకే తాతారావూ వెళ్ళాడు. ఇద్దరి తుమ్ములూ వీధిలోకి వినిపించాయి.

జాతర ముగిసేలోపు ఘటాలు మా వీధికి రెండోసారి వచ్చాయి. కూర్మమ్మ పాడకూడదనుకున్నాం. డాక్టరు వద్దన్నాడు, దానికీ సిగ్గుగా ఉంది. ఊరికే ఎదురుగా నిలబడు, అమ్మవారు చూసుకుంటుందని చెప్పాను. కీర్తి మాత్రం ఏమనుకుందో, డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టి, రెండు మైకులూ గుమ్మానికి చెరోవైపు కట్టింది.

ఘటం వచ్చి ఆగింది. నేను అడిగాను. ఏ వీధి దాటొచ్చినావమ్మా, ఎండలో తల్లీ. అని, ఆగాను.

కూర్మమ్మ నావంక చూసింది. కొంగు తీసింది. నోరు తెరిచింది. మగ్గాల వీధి బానే వచ్చింది గానీ, పట్టుపోగు దగ్గర మాటకి బదులు ఉత్త గాలి వచ్చింది. వీధి పిల్లలు కిసుక్కుమన్నారు. కూర్మమ్మకీ నవ్వొచ్చేసింది, అమ్మవారి ఎదురుగా, పాట మధ్యలో. నేను తల్లీ అని పట్టుకుని ఉన్నాను. ఘటమెత్తుకున్నామె కూడా నవ్వాపుకుంటూ, తలమీద బరువుతో కదలకుండా నిలబడింది. డప్పులవాళ్ళు ఆపారు. కూర్మమ్మ కళ్ళు తుడుచుకుని, ఊపిరి తీసుకుని, వదిలిన చోటే అందుకుంది. ఈసారి పట్టుపోగు కాలికి చుట్టుకుంది, విడదీసుకుంది కూడా. చివరి జవాబు అయ్యేసరికి మా గుమ్మంలో రెండు దీపాలూ గాలికి ఊగుతున్నాయి. తాతారావు ఒకదానికి చెయ్యి అడ్డం పెట్టాడు, ఈశ్వర్ ఇంకోదానికి.

జాతర అయ్యాక ఒక మధ్యాహ్నం కీర్తి మమ్మల్నిద్దర్నీ గోనెసంచుల మధ్య కూచోబెట్టి రెండు రికార్డులూ వినిపించింది. కొడలది అద్దంలా ఉంది. ఒక్క మాట పోలేదు, మేక తప్ప వేరే చప్పుడు లేదు. గుమ్మంలోది డప్పులు, పిల్లలు, నవ్వు, గాలి. నీ ఫోన్లో ఒకటే పెడతాను, ఏది పెట్టమంటావు మామ్మా అని అడిగింది.

కూర్మమ్మ నన్ను మోచేత్తో పొడిచి, నాతో చెప్పించకని తల తిప్పింది. నేను మాత్రం తడుముకోలేదు.

"పళ్ళున్న పాట నువ్వు దాచుకోవే, నీ తరవాతోల్లకి కావాల. పళ్ళు లేనిది నాకు పెట్టు."